అణుబాంబు పడితే మన గజపతి, గంజాం వైపు ముందుగా చేసుకోగలిగేది ఏమైనా ఉందా?

పర్లాకిమిడి_పాఠకుడు

2025 మే 7న 244 సివిల్ డిఫెన్స్ జిల్లాలకు మాక్ డ్రిల్ పెట్టారు కదా. ఆ జాబితాలో ఒడిశా నుంచి కోరాపుట్, గోపాలపురం ఉన్నాయి, ఆంధ్రా నుంచి విశాఖపట్నం ఉంది. గజపతి జిల్లా కేంద్రమైన మా పర్లాకిమిడి లేదు. అప్పటినుంచి ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో రెండే రకాల మెసేజీలు. "అణుబాంబు పడ్డాక ఏం చేసినా దండగ" అనేది ఒకటి. మాస్కు, అయోడిన్ బిళ్లలు, నెలకు సరిపడా బియ్యం కొనిపెట్టుకోండని భయపెట్టేది రెండోది. రెండూ నమ్మబుద్ధి కావడం లేదు.

తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలో ఉంది కాబట్టి అక్కడ పడిందనే అనుకుందాం. మ్యాప్ మీద గీత గీసి కొలిస్తే విశాఖ నుంచి పర్లాకిమిడి సుమారు 150 కి.మీ., గుణుపురం 165, బరంపురం 245. ఈ దూరంలో ఉన్నవాళ్లకి అసలు వచ్చే ప్రమాదం ఏమిటి? ఇక్కడ ఇళ్లు మూడు రకాలు: ఒంటి అంతస్తు స్లాబు ఇల్లు, పెంకుటిల్లు, మట్టిగోడల పూరిల్లు. వీటిలో ఏది పనికొస్తుంది? గంజాం తీరంలోని తుపాను షెల్టర్లు దీనికి కూడా పనికొస్తాయా? ప్రభుత్వం చేయగలిగేది ఎంత? లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి. ధైర్యవచనాలు వద్దు.

గామా_లెక్కలు

బాంబు కింద ఉన్నవాళ్ల సంగతి వేరు, గాలివాటున ఉన్నవాళ్ల సంగతి వేరు. గ్రూపుల్లో ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

హిరోషిమా బాంబు సుమారు 15 కిలోటన్నులు, దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది. ఆ సైజుకి మామూలు ఇళ్లు కూలే దూరం ఇంచుమించు 1.7 కి.మీ., కిటికీ అద్దాలు పగిలి మనుషుల్ని కోసే దూరం నాలుగైదు కి.మీ. బాంబు శక్తి ఎనిమిది రెట్లు పెరిగితే ఈ దూరాలు రెట్టింపు అవుతాయి, అంతే. 150 కి.మీ. దూరాన ఉన్న పర్లాకిమిడికి పేలుడు దెబ్బ, వేడి, తొలి రేడియేషన్ మూడూ సున్నా. ఇక్కడికి రాగలిగింది బూడిద ఒక్కటే. అదీ బాంబు నేల మీదో నేలకు బాగా దగ్గరగానో పేలితేనే. అలాంటప్పుడు నేల మట్టి ఆవిరై, విచ్ఛిత్తి ముక్కలు (పరమాణువులు చీలగా మిగిలిన రేడియోధార్మిక పదార్థం) దానికి అతుక్కుని, చల్లారాక గాలివాటున రాలుతుంది. హిరోషిమాలోలా ఎత్తున పేలితే మట్టి పెద్దగా కలవదు, కణాలు మరీ సన్నగా ఉండి పైకెళ్లి పల్చబడిపోతాయి. అయితే ఏ రకంగా పేల్చాలో నిర్ణయించేది మనం కాదు గనక బూడిద వస్తుందనే లెక్క వేసుకోవాలి.

ఆ బూడిదకున్న ఒక గుణం మనకి కలిసొస్తుంది. అది వేగంగా చల్లబడుతుంది. గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే: పేలుడు జరిగి ఎంతసేపైందో అది ఏడు రెట్లయ్యేసరికి రేడియేషన్ తీవ్రత పదో వంతుకి పడుతుంది. పేలిన గంటకి 100 ఉంటే 7 గంటలకి 10, రెండు రోజులకి 1, రెండు వారాలకి 0.1.

విశాఖ నుంచి గంటకి 30 కి.మీ. గాలిలో బూడిద పర్లాకిమిడి చేరడానికి ఐదు గంటలు పడుతుంది. దారిలోనే అది ఏడో వంతుకి చల్లారిపోయి ఉంటుంది. పెద్ద కణాలు ముందే రాలిపోతాయి. 10 కిలోటన్నుల బాంబు నేల మీద పేలితే ప్రాణం తీసే స్థాయి బూడిద గాలివాటున 15 నుంచి 30 కి.మీ. దాకా ఉంటుందని అమెరికా ప్రభుత్వ ప్రణాళికల్లో వేసుకున్న లెక్క. కొలవదగ్గ స్థాయి మాత్రం వందల కిలోమీటర్ల దాకా పోవచ్చు.

చెడ్డ లెక్కే వేద్దాం. బూడిద రాలిన ఐదో గంటలో మీ వాకిట్లో గంటకి 20 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ కొలమానం) ఉందనుకోండి. 14 రోజులూ బయటే తిరిగితే ఒంటికి తగిలేది సుమారు 285 మిల్లీసీవర్ట్. అందులో 190, అంటే మూడింట రెండు వంతులు, మొదటి రెండు రోజుల్లోనే తగులుతుంది. బయటి రేడియేషన్‌ని పదో వంతు చేసే గదిలో ఆ రెండు రోజులు కూర్చుంటే 190 కాస్తా 19 అవుతుంది. పోలికకి: ఒకేసారి దాదాపు 1,000 తగిలితే వాంతులు, నీరసం మొదలవుతాయి. వైద్యం లేకుండా 4,000 దగ్గర సగం మంది చనిపోతారు. ప్రకృతి నుంచి ప్రపంచ సగటున ఏడాదికి అందరికీ వచ్చేది 2.4. అంటే ఇక్కడ ఆ వారంలో చచ్చిపోతామన్న భయం కంటే పిల్లలకి తర్వాతెప్పుడో వచ్చే క్యాన్సరు గురించిన భయమే నిజమైన భయం. దాన్ని తగ్గించుకోవడం మన చేతిలో ఉంది.

ఇక్కడివాళ్ల తప్పు ఎక్కడ జరుగుతుందో కూడా ఊహించగలను. 1999 మహా తుపాను తర్వాత, ఫైలిన్ తుపాను తర్వాత ఒడిశాలో అందరికీ ఒంటబట్టిన అలవాటు ఒకటుంది: మైకు వినపడగానే సంచి భుజానేసుకుని ఇల్లు వదిలి పోవడం. తుపానుకి అది ప్రాణం కాపాడింది. దీనికి అదే పని చేస్తే సరిగ్గా బూడిద రాలే గంటల్లో మీరు బస్సులోనో ఆటోలోనో, ఎన్‌హెచ్-16 మీద జాములోనో ఉంటారు. బస్సు రేకు ఆపేది ఇంచుమించు ఏమీ లేదు. ఇల్లు ఎంత నాసిరకమైనా బస్సు కంటే మేలు.

విశాఖ వైపో మరెక్కడో ఉన్న బంధువులకి ఒక్క మాట చెప్పండి. మెరుపు కనబడితే కిటికీ దగ్గరికి పోకూడదు. బోర్లా పడుకుని, తల కప్పుకుని, కనీసం నిమిషం లేవకూడదు. పేలుడు గాలి కిలోమీటరుకి దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలినప్పుడు దాదాపు 1,500 మంది గాయపడ్డారు. అక్కడ రేడియేషన్ లేదు, మంట లేదు. వెలుగేమిటా అని కిటికీల దగ్గరికి వెళ్లినవాళ్లకి అద్దాలు గుచ్చుకున్నాయి, ఎక్కువ గాయాలు అవే.

సెంటరింగ్_శీను

ఇంటి సంగతి నేను చెప్తాను. ఏటంటే, బూడిద నుంచి వచ్చే గామా కిరణాన్ని ఆపేది బరువు. పేరు ఏదైనా, బరువు ఎంత అడ్డం ఉందన్నదే లెక్క. రేడియేషన్‌ని సగానికి తగ్గించే మందం ఇలా ఉంటుంది: కాంక్రీటు 6 సెం.మీ., గట్టిగా దిమ్మిస చేసిన మట్టి 9, నీళ్లు 18, ఇనుము రెండు సెం.మీ. లోపే. మందం రెట్టింపైతే సగంలో సగం, మూడింతలైతే ఎనిమిదో వంతు.

ఇప్పుడు మన ఇళ్లు చూడండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఏడెనిమిదో వంతుకి తగ్గిస్తుంది. అడుగున్నర మట్టిగోడ అయితే ముప్పయ్యో వంతుకి. మన పాత మట్టిగోడలు ఈ విషయంలో కొత్త ఇళ్ల గోడల కంటే నయం. కానీ పూరిల్లయినా పెంకుటిల్లయినా పైకప్పు దగ్గర బరువు లేదు. పైగా గడ్డిలోనూ పెంకుల సందుల్లోనూ దుమ్ము ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. స్లాబు ఇల్లు దానికి తిరగేసిన రకం. 12 సెం.మీ. స్లాబు నాలుగో వంతుకి తగ్గిస్తుంది, కిటికీలు మాత్రం బార్లా.

ఒంటి అంతస్తు డాబా ఉన్నవాళ్లకి వెంటనే తట్టే ఆలోచన పైన అడుగు మందం మట్టి పోద్దామని. చెయ్యకండి. అడుగు మట్టి చదరపు మీటరుకి 480 కిలోల పైమాటే. వాన పడితే ఇంకా ఎక్కువ. మామూలు ఇంటి డాబాకి డిజైన్‌లో వేసుకునే భారం చదరపు మీటరుకి 150 కిలోలు. అది కూడా ఇంజనీరు చూసిన ఇళ్ల మాట. మన దగ్గర సగం ఇళ్లకి కడ్డీ ఎంత వేశారో మేస్త్రికే గుర్తుండదు. 150 కిలోలంటే తొమ్మిది సెం.మీ. మట్టి. అంతకు మించి పోస్తే బాంబు పడకుండానే స్లాబు పడుతుంది.

దానికి బదులు చెయ్యాల్సింది ఇది. ఊళ్లో రెండు మూడంతస్తుల ఇల్లు ఎవరిదైతే ఉందో, దాని కింది అంతస్తులో బయటిగోడ తగలని మధ్యగది చూసుకోండి. రెండు స్లాబులుంటే పదహారో వంతు. స్కూలు బిల్డింగు మూడంతస్తులైతే మధ్య అంతస్తు, మధ్య గది. పైకప్పు దుమ్ముకీ దూరం, నేల మీది దుమ్ముకీ దూరం. తుపాను షెల్టరు అడిగారు. అది గాలికీ ఉప్పెనకీ కట్టినది. కింద స్తంభాల మీద ఖాళీ, పైన ఉన్నది ఒకటో రెండో అంతస్తులు, నెత్తిన స్లాబు, చుట్టూ పెద్ద కిటికీలు. రెండంతస్తులుంటే కింది దాంట్లో, నట్టనడుమ, కిటికీలకి బస్తాలు అడ్డంపెట్టుకుని కూర్చోవచ్చు. స్తంభాల కింద నీడ ఉంది కదా అని పడుకోవడం మాత్రం పనికిరాదు, చుట్టుపక్కల నేల అంతా మిమ్మల్నే చూస్తుంటుంది.

ఒంటి అంతస్తే దిక్కు అయితే ఇంట్లో ఒక మూలని ఎంచుకుని అక్కడే బరువు పేర్చాలి. బలమైన టేకు మంచమో రాతి అరుగో ఉంటే దాని కింద పిల్లలు, చుట్టూ ఇసక బస్తాలు. ఖాళీ సిమెంటు గోతాం ముప్పావు వంతు ఇసకతో నింపి కుడితే 45 కిలోల దాకా తూగుతుంది. పడుకోబెడితే ఇంచుమించు 60 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 12 ఎత్తు. పది అడుగుల కిటికీ గోడకి ఐదడుగుల ఎత్తు పేర్చాలంటే వరసకి 5 బస్తాలు, 12 వరసలు, మొత్తం 60. బస్తాలు ఇటుకల్లా జోడు తప్పించి పేర్చాలి. నిట్టనిలువుగా ఒకదాని మీద ఒకటి పేరిస్తే మూడో అడుగు దగ్గరే ఒరిగిపోతాయి. ప్లాస్టిక్ గోతాలు ఎండలో రెండు మూడు నెలల్లో చిట్లుతాయి, అందుకని ముందే నింపి పెరట్లో పెట్టకండి. గోతాలు మడిచి ఇంట్లో, ఇసక కుప్ప బయట. ఐదు గంటలు టైముందని పైన లెక్క వేశారు కదా, నలుగురు ఉంటే 60 బస్తాలు రెండు గంటల పని.

పూరిల్లు వాళ్లకి గొయ్యే గతి. మూడడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు, మనిషికి మీటరు పొడవు. పైన తాటి దూలాలు చీల్చి దగ్గర దగ్గరగా పరిచి, టార్పాలిన్ వేసి, రెండడుగుల మట్టి. దీనితో బయటి దానిలో వందో వంతు కూడా లోపలికి రాదు. తోవ తిన్నగా పెట్టకూడదు, ఎల్ ఆకారంలో మలుపు తిప్పాలి. గామా మూల తిరగలేదు, ఆ ఒక్క మలుపుకే పదో వంతుకి పడుతుంది. ఐదుగురికి ఏడు ఘనపు మీటర్ల తవ్వకం, ముగ్గురికి ఒక పూర్తి పగలు. గజపతి ఎర్రనేలలో గోడ నిలుస్తుంది. గోపాలపురం వైపు ఇసక నేలలో నిలవదు, లోపల మనిషుండగానే కూలుతుంది. ఆగస్టులో ఎక్కడ తవ్వినా నీరు ఊరుతుంది. అంచేత గొయ్యి ఎండాకాలం ఉపాయం, అంతే.

నైరుతి_గాలి

శీను గారి లెక్క సరైనదే. ఒక్క చిన్న చేర్పు: చూరు. వానలో బూడిద వస్తే పైకప్పు మీది దుమ్మంతా చూరు కింద గీతలా పేరుకుంటుంది. ఆ గీత పక్కనున్న గోడకి ఆనుకుని పడుకోకూడదు. డాబా నీళ్ల గొట్టం దిగే చోటూ అంతే.

గాలి గురించి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కింది గాలి నైరుతి నుంచి వీస్తుంది. విశాఖకి పర్లాకిమిడి ఇంచుమించు ఈశాన్యంలో ఉంది. అంటే వర్షాకాలమే మనకి చెడ్డ కాలం. చిన్న బాంబు మేఘం కూడా పది కిలోమీటర్ల ఎత్తుకి పోగలదు. ఆ కాలంలో ఆ ఎత్తుల్లో గాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి పై భాగం వేరే దారి పడుతుంది, కింది భాగం మన వైపు. శీతాకాలంలో నేల మీద ఈశాన్య గాలి, మూడు నాలుగు కి.మీ. పైన పడమటి గాలి. అప్పుడు ఎక్కువ భాగం సముద్రం మీదికి పోతుంది. వాన పడ్డ చోట బూడిద ఒక్కసారిగా దిగుతుంది కాబట్టి 1,501 మీటర్ల మహేంద్రగిరి వాలుల్లో పక్కపక్క ఊళ్ల మధ్యే పది రెట్ల తేడా ఉండొచ్చు. చేతి రుమాలు ఎగరేసి గాలి దిక్కు తేల్చే పని పెట్టుకోకండి. కింది గాలి చెప్పేది సగం నిజమే.

ఇంకోటి, ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి అమ్మే రేడియేషన్ మీటర్లు. మామూలు రోజుల్లో 0.1, 0.2 మైక్రోసీవర్ట్ (మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు) చూపించడానికే అవి సరిపోతాయి. రేడియేషన్ బాగా ఎక్కువున్న చోట లోపలి గొట్టం ఉక్కిరిబిక్కిరై తక్కువ చూపిస్తుంది, ఒక్కోసారి సున్నా చూపిస్తుంది. కొనేముందు అది గంటకి ఎన్ని మిల్లీసీవర్ట్ల దాకా కొలుస్తుందో చూడాలి. ఛత్రపురం, గోపాలపురం బీచ్‌లో మీటరు పెట్టి "లీకేజీ" అని వీడియో తీసేవాళ్లకి: ఆ ఇసకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. అక్కడ రేడియేషన్ ఎప్పుడూ ఊళ్లో కంటే ఎక్కువే. ఇసక నుంచి ఖనిజాలు తీసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఫ్యాక్టరీ అక్కడ పెట్టిందే ఆ ఇసక కోసం.

మందుల_చీటీ

అయోడిన్ బిళ్లల మీద నడుస్తున్న గోల చూసి రాస్తున్నా. పొటాషియం అయోడైడ్ ఒక్క థైరాయిడ్ గ్రంథినే, ఒక్క రేడియోధార్మిక అయోడిన్ నుంచే కాపాడుతుంది. నేల మీది బూడిద నుంచి వచ్చే గామాకి అది అడ్డు కాదు. మోతాదు పెద్దలకి 130 మిల్లీగ్రాములు, 3 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 65, నెల నుంచి మూడేళ్ల లోపు 32, నెల లోపు పసికందుకి 16. పని చేసేది ఒక రోజు. బూడిద రావడానికి ముందో, వచ్చిన మూడు నాలుగు గంటల లోపో వేస్తేనే పూర్తి ఫలితం. నలభై దాటినవాళ్లకి చాలా ఎక్కువ మోతాదు తగిలే పరిస్థితి ఉంటే తప్ప ఇవ్వరు. వాళ్లకి లాభం తక్కువ, థైరాయిడ్ గడబిడ ఎక్కువ. అధికారులు చెప్పకుండా ఎవరూ మింగకూడదు.

ఉప్పు తింటే సరిపోతుందనేది శుద్ధ అబద్ధం. వినియోగదారుడికి చేరే అయోడిన్ ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నిబంధన. ఒక పెద్ద బిళ్లలో ఉన్నది సుమారు 100 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఆరు కిలోల పైన ఉప్పు తినాలి. రేడియేషన్ దాకా పోనక్కర్లేదు, ఉప్పే పని కానిస్తుంది. బీటాడిన్ తాగడమూ ప్రమాదమే.

మన దూరంలో పిల్లల థైరాయిడ్‌కి వచ్చే అసలు దారి పాలు. బూడిద గడ్డి మీద పడుతుంది, ఆవు తింటుంది, రెండు మూడు రోజుల్లో పాలలోకి దిగుతుంది, పిల్లాడు తాగుతాడు. చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరగడానికి ముఖ్య కారణం ఇదే. 1986లో పోలండ్ కోటికి పైగా పిల్లలకి అయోడిన్ తాగించింది, దాంతో పాటు మేసే ఆవుల పాలు ఆపి పిల్లలకి పాలపొడి ఇచ్చింది. మన ఇళ్లలో దీనికి పెద్ద ఖర్చు లేదు. ఆ అయోడిన్ సగానికి తగ్గడానికి ఎనిమిది రోజులు. రెండు నెలలు ఆగితే నూట యాభయ్యో వంతు కంటే తక్కువే మిగులుతుంది. ఆ రెండు నెలలు చిన్న పిల్లలకి పాలపొడి, లేదా అంగన్‌వాడీ ఛతువా (వేయించిన గింజల పిండి). తల్లిపాలు తాగే బిడ్డలకి తల్లిపాలు ఆపమని అధికారులు చెప్తే తప్ప ఆపొద్దు. ఆవుల్ని కొట్టంలో కట్టి వామి గడ్డి వెయ్యాలి. వామి పైపొర ఓ జానెడు తీసి పక్కన పారేసి లోపలి గడ్డి వాడాలి. పాలు పిండి పారబోయనక్కర్లేదు, నెయ్యి చేసి రెండు మూడు నెలలు నిలవ ఉంచితే అందులో అయోడిన్ దానంతటదే చల్లారుతుంది.

నీళ్లు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, రేడియేషన్ చావదు. మూతపెట్టిన సింటెక్స్ ట్యాంకు నీళ్లు, చేతిబోరు నీళ్లు మంచివే. తెరిచి ఉన్న నుయ్యికి టార్పాలిన్ కప్పి, గట్టు మీద రాళ్లు పెట్టి, గట్టు చుట్టూ మట్టికట్ట వేస్తే వాననీరు లోపలికి జారదు. చెరువు నీళ్లే దిక్కయితే పటిక తిప్పి, రాత్రంతా తేర్చి, పై నీళ్లు వంపుకోవాలి. దుమ్ము కణాలు చాలా భాగం అడుగుకి పోతాయి. కరిగిన అయోడిన్ మాత్రం పోదు. మన ఎండల్లో మనిషికి రోజుకి తాగడానికి నాలుగు లీటర్లు వేసుకోండి. ఐదుగురికి రెండు రోజులంటే 40 లీటర్లు, రెండు వారాలంటే 280.

తిండికి పొయ్యి అక్కర్లేనివి: అటుకులు, ముఢీ (మరమరాలు), బెల్లం, ఛతువా, పచ్చళ్లు. మూట కట్టిన బియ్యానికి ఏమీ కాదు, మూట పైన దులిపితే చాలు. కొబ్బరికాయ నీళ్లు మంచివి, పైన కడిగి కొట్టండి. ఆకుకూరలు వద్దు. గదిలో బొగ్గుల కుంపటి పెడితే రేడియేషన్ కంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ చంపుతుంది.

బయటికెళ్లి వచ్చినవాళ్లు గుమ్మం బయటే పై బట్టలు విప్పి సంచిలో కట్టి దూరంగా పెట్టాలి. దాంతోనే ఎనభై, తొంభై శాతం పోతుంది. తర్వాత సబ్బు, నీళ్లు, గోరువెచ్చగా. గట్టిగా రుద్దకూడదు, చర్మం గీరుకుంటే దుమ్ము లోపలికి పోతుంది. తలకి కండిషనర్ వాడకూడదు, అది దుమ్ముని వెంట్రుకకి అంటిస్తుంది.

ఎందుకీ_గోల

అందరూ ఒక్క బాంబు అనే లెక్క మీద ఇల్లు కట్టేస్తున్నారు. యుద్ధమంటూ వస్తే ఒక్కటి పడి ఆగుతుందా? భారత్, పాకిస్తాన్ చెరో యాభై చిన్న బాంబులు వేసుకుంటే నగరాలు తగలబడి 50 లక్షల టన్నుల మసి పైకి పోతుందని, ప్రపంచ ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పడిపోతుందని 2007లోనే లెక్క వేశారు. అప్పుడు మీ ఇసక బస్తాలు ఖరీఫ్ పండిస్తాయా? ఏ దేశపు ఆరోగ్య వ్యవస్థా అణుయుద్ధాన్ని తట్టుకోలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల్లోనే తేల్చింది. సిద్ధపడవచ్చు అని చెప్పడమే జనాన్ని మోసం చెయ్యడం.

కంట్రోల్_రూమ్

ఎందుకీ_గోల గారు చెప్పిన రెండు విషయాలూ నిజమే. మసి ఎంత పైకి పోతుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన ఉంది. దిశ మాత్రం ఆయన చెప్పిందే. వందల బాంబుల యుద్ధానికి సిద్ధపడటం ఎవరి వల్లా కాదు. అయితే ఒకటో రెండో పడే సందర్భం ఉంది, ఎక్కడో రేడియోధార్మిక సామాను పగిలే సందర్భం ఉంది, అవి ఇంతకంటే ఎక్కువ సంభవమైనవి. వీటిలో కాపాడగలిగినవాళ్లని కాపాడకుండా వదిలెయ్యడానికి పెద్ద యుద్ధాన్ని సాకు చెయ్యకూడదు.

ప్రభుత్వాల్లో తేడా పట్టుదల దగ్గర వస్తుంది. స్విట్జర్లాండ్ 1960ల నుంచి కొత్త కట్టడాలకి షెల్టరు తప్పనిసరి చేస్తూ వచ్చి ఇవాళ జనాభా కంటే ఎక్కువ షెల్టరు స్థలాలు చూపిస్తోంది. ఫిన్లాండ్‌లో 50,000కి పైగా షెల్టర్లు, 48 లక్షల మందికి చోటు. అవి నేలమాళిగలు మామూలుగా కట్టుకునే చలిదేశాలు, అరవై ఏళ్లుగా డబ్బు పెట్టాయి. మన దగ్గర 1968 సివిల్ డిఫెన్స్ చట్టం ఉంది, 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఎన్‌డీఎమ్ఏ అణు, రేడియోధార్మిక అత్యవసరాలకి మార్గదర్శకాలు ఇచ్చింది, భాభా అణు పరిశోధన కేంద్రం బీఏఆర్‌సీకి దేశమంతా రేడియేషన్ కొలిచే కేంద్రాల వల ఉంది. కాగితం బాగానే ఉంది. జిల్లా స్థాయికి దిగేసరికి పల్చబడుతుంది. జాతీయ విపత్తు స్పందన దళం ఎన్‌డీఆర్ఎఫ్ మూడో బెటాలియన్ కటక్ దగ్గర ముండలిలో ఉంది, పర్లాకిమిడికి రోడ్డున దాదాపు 300 కి.మీ. మొదటి రోజు వాళ్లు మీ దగ్గరికి రారు. వాళ్లు వెళ్లాల్సింది విశాఖకి.

జనం తాకిడి ఎలా ఉంటుందో అంచనాకి: 1987లో బ్రెజిల్ గోయానియాలో వైద్య యంత్రంలోని సీజియం డబ్బా ఒకటి పగిలితే 1,12,000 మంది పరీక్షకి వరస కట్టారు. కలుషితమైనట్టు తేలింది 249 మందికి. ఒక జిల్లా ఆసుపత్రి గేటు ముందు లక్ష మంది నిలబడితే నిజంగా కాలిన గాయాలున్నవాడు లోపలికి పోలేడు. అందుకని పరీక్ష ఆసుపత్రిలో పెట్టకూడదు. స్టేడియంలోనో కాలేజీ మైదానంలోనో పెట్టాలి. కలెక్టరు ఆఫీసు ఇప్పుడే, డబ్బు ఖర్చు లేకుండా, కాగితం మీద తేల్చుకోగలిగిన పని ఇది.

హెచ్చరిక సంగతి. క్షిపణికి పట్టేది పది, పదిహేను నిమిషాలు. సైరను హెచ్చుతగ్గులతో రెండు నిమిషాలు మోగితే ప్రమాదం, ఒకే స్వరంతో రెండు నిమిషాలు మోగితే ప్రమాదం తప్పినట్టు. దీపాలార్పడం 1971లో విశాఖ తీరంలో పనికొచ్చిన అలవాటు, క్షిపణికి దీపాలతో పని లేదు. మన దూరంలో సైరను కంటే ముఖ్యం ఆ తర్వాతి ఐదు గంటల్లో వచ్చే మాట. సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరిక టవర్ని బట్టి వస్తుంది. సరిహద్దులో ఫోను పాతపట్నం టవర్ పట్టుకుంటే ఆంధ్రా హెచ్చరిక తెలుగులో వస్తుంది, పర్లాకిమిడి టవరైతే ఒడిశా హెచ్చరిక ఒడియాలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవగలిగేది ఒడియానో హిందీనో అయినవాళ్లు ఇక్కడ చాలామంది, ఏ లిపీ చదవలేని ముసలివాళ్లు ఉన్నారు. రెండు రాష్ట్రాల హెచ్చరికలు రెండు రకాలుగా ఉంటే ఇంకో గొడవ. తుపాన్లకి పంచాయతీ మైకు వాడుతున్నారు కదా, అదే మైకులో చెప్పడానికి మూడు వాక్యాలు తెలుగు, ఒడియా, సవర భాషల్లో ముందే రాసి సర్పంచి దగ్గర ఉంచాలి: ఇంట్లోకి వెళ్లండి, నడి గదిలో ఉండండి, మళ్లీ చెప్పేదాకా పాలు, చెరువు నీళ్లు ముట్టకండి. "ఖాళీ చేయండి" అన్న పాత రికార్డు ఎవరూ పొరపాటున వెయ్యకుండా చూసుకోవాలి.

ఇంటికి ఒక సెల్లుల రేడియో ఉండాలి. వాతావరణం దాటి చాలా ఎత్తున పేలే బాంబు విద్యుదయస్కాంత దెబ్బకి గ్రిడ్డు, టవర్లు పోవచ్చు. పొడవాటి తీగలకి తగిలించని చిన్న రేడియో బతికే అవకాశం ఎక్కువ. సెల్లులు రేడియోలో పెట్టి వదిలేస్తే కారి పాడు చేస్తాయి, విడిగా పెట్టండి.

ఇంకొకటి, కొందరు అణు విద్యుత్ కేంద్రం కడతామన్న కొవ్వాడ (శ్రీకాకుళం జిల్లా) పేరు ఎత్తుతున్నారు. కొవ్వాడలో ఇంకా రియాక్టరు కట్టలేదు.

పర్లాకిమిడి_పాఠకుడు

అందరికీ ధన్యవాదాలు. రెండు చిన్న సందేహాలు. దుమ్ము లోపలికి రాకుండా కిటికీలు, తలుపు సందులు టేపుతో పూర్తిగా మూసెయ్యాలా? ఇంకోటి, ఇక్కడ చాలా ఇళ్లకి మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది. రెండు రోజులు బయటికి రావద్దంటే ఎలా?

సెంటరింగ్_శీను

పూర్తిగా మూయకండి. ప్రమాదకరమైన బూడిద సన్న ఇసకలా ఉంటుంది, గాలి తోసుకుని సందుల్లోంచి వచ్చేది కొంచెమే. అదీ కిటికీ కింద రాలుతుంది, తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు. పది అడుగుల గది, పది అడుగుల ఎత్తు, ఐదుగురు మనుషులు. గాలి ఆడకపోతే ఎనిమిది గంటల్లో గదిలో బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) మూడు శాతానికి పోతుంది, తలనొప్పి, ఆయాసం. మే నెలలో అయితే అంతకంటే ముందే వడదెబ్బ. బూడిద రాలే గంటల్లో తలుపులు వేసి, సందులకి తడిగుడ్డలు పెట్టి, రాలడం ఆగాక గాలి రాని దిక్కు కిటికీ ఒకటి తెరవండి. కిటికీకి అడ్డం బస్తాలుంటే వాటికీ గోడకీ జానెడు సందు వదిలితే గాలి ఆడుతుంది, గామా తిన్నగా రాదు.

దొడ్డికి మూతున్న రెండు ప్లాస్టిక్ బకెట్లు. ఒకటి మలానికి, ఒకటి మూత్రానికి. రెండూ కలిపితే వాసన భరించలేరు, బకెట్ కూడా త్వరగా నిండిపోతుంది. మలం మీద ప్రతిసారీ గుప్పెడు పొయ్యి బూడిదో పొడి సున్నమో. బ్లీచింగ్ పౌడరు మూత్రం బకెట్లో వెయ్యకండి, మూసిన గదిలో ఆ గాలి గొంతు పట్టేస్తుంది. ఐదుగురికి రెండు రోజులకి 20 లీటర్ల బకెట్ సరిపోతుంది. మూడో రోజు పొద్దున్న ఒక్కరే, పెద్ద వయసువాళ్లు, చెప్పులు, గొడుగు, పాత చొక్కాతో వెళ్లి దొడ్డి గుంతలో పారబోసి ఐదు నిమిషాల్లో తిరిగి రావాలి. చెప్పులు గుమ్మం బయటే.